బీడీ దారంతో కొలిచిన దూరం

నేను కోడలిగా వచ్చిన ఇంట్లో మా మామకు విమానాల పిచ్చి. ఎల్లారెడ్డిలో బడిపంతులు. విమానం ఎక్కడం మాట అటుంచి, నేల మీద ఆగినదాన్ని చూసి కూడా ఎరగడు. అయినా, విమానాలు ఊరూరా దిగుతూ ఆగుతూ పోయే ఆ రోజుల్లో, కరాచీలో లేచింది లండన్‌లో ఎప్పుడు దిగుతుందో ఆయనే చెప్పాలి. మా అత్త బీడీలకు కట్టే దారం తెంపి, ఒక కొస నా చేతికిచ్చి, గోడ మీది ప్రపంచ పటంలో కరాచీ దగ్గర పట్టుకోమనేవాడు. రెండో కొస తాను లండన్ దాకా లాగి, కొలిచి, "వారంల వోతది" అని మురిసిపోయేవాడు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "కామారెడ్డి ఎంత దూరం మామా?"

"గీ పటం మీద మనూరు, కామారెడ్డి రెండూ నా వేలి కిందనే ఉంటయి" అని నవ్వాడు.

కామారెడ్డిలో మా అవ్వ, అంటే నా కన్నతల్లి, ఒక్కతే ఉండేది. బాపు పోయాడు, నాకు అన్నదమ్ములు లేరు. ఆ వారమే కామారెడ్డి నుంచి మా ఊరి అంగడికి వచ్చిన ఒకామె చెప్పింది. "మీ అవ్వ మంచం పట్టింది. నిన్ను చూస్తనంటుంది."

బస్సెక్కితే ఒక పూటలో చేరతాను. గుడ్డలు మూట కట్టుకున్నాను. మామ గడపలోనే ఆపాడు.

"తోలుకపోను మీ ఇంటికెల్లి మనిషి రావాలె. గట్ల ఒక్కదాన్ని పంపితే మేం ఎల్లగొట్టినమంటరు."

"మా ఇంట్ల ఎవరున్నరు మామా?"

"ఎవరన్న దొరుకుతరు తియ్యి."

నా పెనిమిటి చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ అంగడి ఆమెతోనే, ఎవరినైనా పంపమని అవ్వకు కబురు చేశాను. మూట మాత్రం విప్పలేదు.

మామ లెక్క ప్రకారం ఆనాడే కరాచీలో విమానం లేచింది. రోజూ పొద్దున దారం మీద వేలు జరిపేవాడు. ఇవ్వాళ బస్రా, రేపు బాగ్దాద్, ఆపైన కైరో. నేను వాకిలి ఊడుస్తూ కామారెడ్డి తోవ చూసేదాన్ని.

అది లండన్‌లో దిగాల్సిన నాడు మా ఇంటి ముందర ఎడ్లబండి ఆగింది. పరిచిన గడ్డి మీద అవ్వ పడుకుని ఉంది. పంపడానికి ఎవరూ దొరకలేదు. బస్సులో కూర్చునే సత్తువ లేదు. బండి కర్ర పట్టుకుని లేచి మామకు దండం పెట్టింది.

"అన్నా, బిడ్డను తోలుకపోను వచ్చిన."

మామ గడప మీంచి పక్కకు తప్పుకున్నాడు. నేను మూట తెచ్చి బండెక్కాను. దారి పొడవునా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

ఇల్లు చేరాక అవ్వ మూడు రోజులే బతికింది. దినాలు కాగానే మామ వచ్చాడు. పొద్దున బస్సెక్కాడట, ఎండ ముదరకముందే దిగాడు. పద్ధతి తప్పకుండా గడప బయటే నిలబడ్డాడు.

"కోడల్ని తోలుకపోను వచ్చిన."

పంపుతామని చెప్పడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. నేనే మూట అందుకున్నాను.