సెలినో కొట్టిన గోలు

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వాడు ఫుట్‌బాల్ మీద తమిళంలో చిన్న చిన్న వీడియోలు చేసి పెడుతుంటాడు, ఈసారి తనకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆటగాడి గురించి చేయాలనుకున్నాడట. వాడి పేరు సెలినో. “ఏ టీమ్ మామా? ఎంత వెదికినా దొరకలేదే” అన్నాడు. దొరకడు. ఆ ఆటగాణ్ణి పుట్టించినవాణ్ణి నేనే.

రెండువేల రెండు ప్రపంచ కప్పు నాటికి తమిళ నేల మీద ఉన్న మా ఊరు పెరియంపట్టికి కేబుల్ రాలేదు. రేడియోలో వార్తల చివర స్కోరు ఒక్క ముక్క చెప్పి సరిపెట్టేవారు, తమిళ పేపర్లో క్రికెట్ పోగా మిగిలిన మూల ఫుట్‌బాల్‌ది. ఆ కరువు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధర్మపురిలో నేను పనిచేసే మామిడి మండీకి మాత్రం ఇంగ్లీషు పేపరు వచ్చేది, యజమాని చదివి పడేశాక దాన్ని చంకలో పెట్టుకుని సాయంత్రం బస్సెక్కేవాణ్ణి. నేను వచ్చేసరికే మా చెల్లెలి ఇంటి అరుగు మీద జనం చేరి ఉండేవారు, వాళ్ల మధ్య మంచం మీద బావ.

ఊరి జట్టులో పరుగుకు పేరున్న మా బావ ఆ వేసవిలో కాయలు కోస్తూ కొమ్మ విరిగి పడ్డాడు. కాలికి కట్టు, మళ్లీ నడుస్తాడో లేదో తెలియదు, చెల్లెలు చూస్తే నిండు నెలల మనిషి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, గోలు ఎవరు కొట్టారో తెలిసేది గానీ ఎలా కొట్టారో తెలిసేది కాదు, ఆ ఖాళీలు నోటికొచ్చినట్టు పూడ్చేవాణ్ణి. ఒక సాయంత్రం బావ గోడవైపు తిరిగి పడుకుని ఆట ఊసే వద్దన్నాడు. నేను పేపరు తెరిచి, విరిగిన కాలు బాగై తిరిగొచ్చిన సెలినో అనేవాడు చివరి నిమిషంలో గోలు కొట్టాడని చదివేశాను. బావ ఇటు తిరిగాడు. మర్నాటి నుంచి నేను బస్సు దిగడమే ఆలస్యం, సెలినో ఏం చేశాడని అందరూ అడిగేవారు, నేనూ వాడి చేత గోలు మీద గోలు కొట్టించాను. జాలి ఆ మొదటి రోజుదే, మిగతాదంతా నా గొప్ప కోసమే. కప్పు ముగిశాక కొడుకు పుడితే, మా అమ్మ చెప్పిన ఇలవేల్పు పేరు కాదని బావ ఆ పేరు పెట్టాడు. అడ్డు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొన్న వాడి ప్రశ్నకు జవాబు చెప్పింది కూడా బావే, కాస్త కుంటుతూ వచ్చి. “పేపర్లో వచ్చింది రా. మీ మామే చదివినాడు, నేను విన్నాను. లేనిది ఎట్ల చెప్తాడు?” నేను తలెత్తలేకపోయాను. టీమ్ పేరు మరిచిపోయానని గొణిగాను, అదీ అబద్ధమే.

ఇప్పుడు గోలు పడుతుండగానే అరచేతిలో కనిపిస్తుంది, కావాలంటే మళ్లీ మళ్లీ చూడవచ్చు, ఎవరో వచ్చి చదివి చెప్పాలని అరుగు మీద ఎదురుచూసేవాళ్లు లేరు. మంచిదే, నాలాంటివాడి నోరు నమ్మి ఎవరూ మోసపోరు. అయినా ఆ సాయంత్రాలు అన్ని ముఖాలూ నావైపు తిరగడం తలుచుకుంటే మనసు అటే లాగుతుంది, మరుక్షణం సిగ్గేస్తుంది. మేనల్లుడు పాత పేపర్ల కోసం ఇంకా వెదుకుతూనే ఉన్నాడు. పక్కన కూర్చుని బావ, ఆ గోలు ఎలా పడిందో వాడికి చేత్తో చూపిస్తున్నాడు.