మెట్ల మీద జారిపడింది

మా ఆయన పోయి పదకొండు నెలలయింది. ఆయన పడవ నడిపేవారు. ఒకసారి ఆసుపత్రిలో ఒక అబద్ధం చెప్పారు, తొమ్మిదో రోజున దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ సంగతి నాకు గుర్తున్నంత వరకు, గుర్తున్నట్టే రాసి ఉంచుతున్నాను.

విజయవాడకు దిగువన, కృష్ణా నది మధ్యలో ఉన్న లంక పొలాలకు కూలీలను దాటించే ఇంజిను పడవ మీద ఆయన పద్దెనిమిదేళ్ళు సరంగుగా పనిచేశారు. పడవ వేరొకరిది. కూరగాయల కోతకు, పసుపు తవ్వకానికి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే క్యారియర్లతో ఎక్కి, సాయంత్రం ఐదింటికి తిరిగి వచ్చేవారు. నేను మా ఊరి శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను.

నాలుగేళ్ళ కిందట మాఘమాసంలో ఒక సాయంత్రం, పడవను ఈ ఒడ్డుకు ఆనించబోతుంటే, వేగం తగ్గించే రివర్సు గేరు పట్టలేదు. ముందు అంచున నిలబడిన ఒకామె అప్పటికే దిగడానికి కాలు చాచింది. పడవకూ రాతి మెట్టుకూ మధ్య ఆ కాలు నలిగిపోయింది. నలభై దాటిన మనిషి, భర్త లేడు, కూతురు పదో తరగతి చదువుతోంది.

మా రేవుకు ఒక పద్ధతి ఉండేది. ఏట్లో జరిగింది ఏటి ఒడ్డునే తేల్చుకోవాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రిలో పడవ మాట ఎత్తరు. ఎత్తితే డాక్టరు పోలీసులకు కబురు చేస్తాడు, పడవ ఆపేస్తారు, మర్నాటి నుంచి అందరికీ పని పోతుంది. అందుకని మెట్ల మీద జారిపడ్డారని చెప్తారు. ఓనరు ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటాడు. ఆపైన ఏం చెయ్యాలో పెద్దలు కూర్చుని చెప్తారు. చాలాసార్లు దెబ్బ తగిలినవాళ్ళే ముందు ఆ మాట అనేవాళ్ళు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోలేదు. మర్యాద అనుకున్నారు.

ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది మా ఆయనే. ఆమెకు స్పృహ లేదు. ఏం జరిగిందని క్యాజువాలిటీలో అడిగితే ఆయనే చెప్పారు, "రేవులో మెట్ల మీద జారిపడిందండి," అని. చీటీ మీద అదే రాశారు.

ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, "గేరు పట్టట్లేదని వారం నుంచి చెప్తున్నా," అన్నారు. కాసేపటికి, "చెప్తూనే నడిపా," అన్నారు. అన్నం తినలేదు.

ఓనరు మర్నాడే గేరు మార్పించాడు. ఆసుపత్రి ఖర్చు కూడా పెట్టుకున్నాడు, అందులో లోటు చెయ్యలేదు. ఏడో రోజున డాక్టర్లు ఆమె కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

మా గ్రంథాలయానికి రోజూ పేపరు చదవడానికి ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చేవారు. ఎనిమిదో రోజున ఆయనకు ఈ సంగతి చెప్పాను.

"పడవకి పాసింజర్ ఇన్సూరెన్సు ఉందా అమ్మా?"

"ఉందండి. లైసెన్సు రెన్యువల్‌కి అడుగుతారని కట్టారు."

"అయితే ఆవిడకి రావాలి. కానీ రాదు."

"అదేంటండీ?"

"కాగితం ప్రకారం ఆవిడ పడవలోనే లేదు కదమ్మా. మెట్ల మీద పడింది. మెట్లకి ఇన్సూరెన్సు లేదు."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. క్లెయిము వస్తే తాము ముందు చూసేది ఆసుపత్రి మొదటి చీటీయేనన్నారు. ఆ తర్వాత ఎవరు ఎంత మొత్తుకున్నా, డబ్బు కోసం మాట మార్చారని రాసేస్తారట. "నేనూ అలా చాలా ఫైళ్ళు మూశానమ్మా. అందులో ఎన్ని నిజాలో నాకు తెలీదు," అన్నారు.

"ఇప్పుడేం చెయ్యాలండి?"

"పడవ ప్రమాదమని స్టేషన్‌లో రాసిచ్చి, రసీదు తీసుకోవాలి. పడవలకి లైసెన్సులిచ్చే ఆఫీసులో ఒక కాపీ ఇవ్వాలి. ఆ రోజు పడవలో ఎవరెవరున్నారో ఇప్పుడే రాసుకోవాలి, పసుపు తవ్వకం అయిపోతే వాళ్ళు తలో దిక్కు పోతారు. రోజులు గడిచేకొద్దీ అనుమానం పెరుగుతుందమ్మా."

"ఎవరు రాసివ్వాలండి?"

"ఆ చీటీలో మాట ఎవరు చెప్పారు?"

నేను రిజిస్టరు మూసి లేచాను.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. నిజం రాయాలంటే ఇది కూడా రాయాలి: ఆయన వద్దనడానికి వీలుగానే చెప్పాను. లైసెన్సు పోవచ్చనీ, కేసు పెట్టొచ్చనీ, ఎవరో ఒకరు చెప్తార్లెండి అనీ. ఆయన అంతా విని, "ఎవరో ఒకరు ఎవరు?" అన్నారు. తర్వాత, "కాగితం తీసుకురా," అన్నారు.

ఆయనకు సంతకం తప్ప పెద్దగా రాయడం రాదు. నేను రాశాను. మొదటి వాక్యం, "నది ఉధృతంగా ప్రవహిస్తుండగా," అని మొదలుపెట్టాను.

"ఉధృతం ఎక్కడే? నడుంలోతు లేవు నీళ్ళు."

కొట్టేశాను. తర్వాత, "దురదృష్టవశాత్తు గేరు విఫలమై," అని రాసి చదివాను.

"అదృష్టం సంగతి వాళ్ళకెందుకు? గేరు పాడని నాకు తెలుసు, ఓనరుకీ చెప్పాను, అయినా నడిపాను. అది రాయి."

అలా పేజీన్నర రాసింది పదకొండు వాక్యాలయింది. అప్పటి నుంచి నేను రాసేటప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగుతున్నాను.

మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్ళాం. పడవెక్కబోతున్న ఆడవాళ్ళకు ఆయన సంగతి చెప్పి, పేర్లు అడిగారు. కొందరు ముఖాలు తిప్పుకున్నారు. ఒకామె మాత్రం క్యారియర్ కింద పెట్టి, "నా పేరు ముందు రాయి వదినా. రేపు నా కాలే పడొచ్చు," అంది. వెనకున్నామె, "నీ కాలు పడితే పడవే విరుగుద్దిలే," అంది. నవ్వుతూ ఇద్దరూ వేలిముద్రలు వేశారు. అవి చూసి మిగతావాళ్ళు వచ్చారు. పదహారు పేర్లయ్యాయి.

ఈలోపు ఓనరుకు కబురు వెళ్ళింది. బండి ఆపి దిగాడు.

"ఏంట్రా, నిజం తొమ్మిది రోజులకి గుర్తొచ్చిందా నీకు?"

"గుర్తు లేక కాదండి."

"వెళ్ళు, వెళ్ళు. దండేసి పంపిస్తారు. ఆ గేరుతో పడవ తీసింది నువ్వు. నేను ఇంట్లో కాఫీ తాగుతున్నా."

"అదీ రాశానండి. మీరు కాఫీ తాగింది రాయలేదు."

ఓనరు నా వైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

స్టేషన్‌లో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళు ఏం చేశావని తిట్టారు. చివరికి తీసుకుని, ముద్ర వేసి రసీదు ఇచ్చారు. తర్వాత ఆయన మీద కేసు రాశారు, దానికి జరిమానా కట్టాం. లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. ఓనరు పనిలోంచి తీసేశాడు. ఆయన కైకలూరు వైపు చేపల చెరువుల్లో చిన్న పడవ మీద తిరుగుతూ మేత వేసే పనికి కుదిరారు. ఎలా ఉందని అడిగితే, "ఇక్కడ పాసింజర్లు కంప్లైంటు ఇవ్వరు," అన్నారు.

పెద్దాయన చెప్పినట్టే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట కాదన్నారు. ఆమె తరఫున వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. ఏడాది దాటాక మా ఆయనను సాక్ష్యానికి పిలిచారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె ముందు వరసలో, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కంపెనీ వకీలు గొంతు పెంచకుండానే అడిగాడు. "ఆసుపత్రిలో ఒకటి చెప్పారు. తొమ్మిది రోజులకి ఇంకోటి చెప్పారు. ఏది నమ్మమంటారు?"

ఆమె తల దించుకుంది. మాట మార్చింది ఆమేనని ఆ గదిలో అందరూ అనుకోవడానికి ఆ ప్రశ్న చాలు.

"మొదటిది ఆవిడ చెప్పలేదండి," అన్నారు మా ఆయన. "ఆవిడకి స్పృహ లేదు. నేను చెప్పాను."

"ఎందుకు చెప్పారు?"

"పడవ ఆగిపోద్దని. మా రేవులో అలాగే చెప్తామండి."

"మరి ఎందుకు మార్చారు?"

"నేను ఆ మాట చెప్పినప్పుడు ఆవిడకి కాలుందండి."

"గేరు పాడని తెలిసే నడిపారా?"

"తెలిసే నడిపానండి."

వకీలు ఇంకేం అడగలేదు. నేను చదివిన పుస్తకాల్లో నిజం చెప్పేవాళ్ళు చాలాసేపు మాట్లాడతారు. ఈయన ఇంతే మాట్లాడి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. చొక్కా వీపంతా చెమటకు తడిసి ఉంది. ఆ మనిషి పక్కన కూర్చునే హక్కు నాకున్నందుకు ఆ క్షణంలో ఎంత గర్వపడ్డానో ఆయనకు చెప్పలేదు.

బయట ఆమె క్షమించాననీ అనలేదు, ఆయనా అడగలేదు. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం చేతికర్ర ఆయన చేతికిచ్చి, ఆయన భుజం పట్టుకుని ఎక్కింది.

రెండు నెలలకు ఆమెకు అనుకూలంగా ఆర్డరు వచ్చింది. క్లెయిము అందింది. ఆర్డరులో స్టేషన్ రసీదు గురించి, పదహారు మంది పేర్ల గురించి రాశారు. సరంగు తనకు నష్టమని తెలిసి కూడా చెప్పిన సాక్ష్యాన్ని నమ్మకపోవడానికి కారణం కనపడలేదని ఒక వాక్యం ఉంది. ఆయన గురించి అచ్చులో ఉన్నది అదొక్కటే. ఆ కాపీ నా దగ్గర ఉంది.