స్టీలు డబ్బాలో అప్పడం

మా అమ్మాయి చెయ్యి నేను పట్టుకోను. తనే నా చూపుడువేలు పట్టుకుంటుంది. ఇది మా ఇంటి చట్టం. ఎనిమిదో నెలలో లంగోటీ మారుస్తుంటే తొడ ఎముక విరిగి దవాఖానకు పరుగెత్తినప్పుడు, అక్కడి పెద్ద డాక్టరు పెట్టిన చట్టం. "మీరు పట్టుకుంటే తెల్వకుండనే గుంజుతరు. పాప పట్టుకున్నదనుకోండి, కష్టమైతే తనే వదిలేస్తది" అన్నాడాయన. పుట్టుకతోనే ఎముకలు పెళుసని, కళ్ళ తెల్లగుడ్డులో కనబడే లేత నీలం కూడా దాని గుర్తేనని చెప్పాడు. ఆ నీలాన్ని చూసి అప్పటిదాకా మేమిద్దరం మురిసిపోయేవాళ్ళం. నా పోలికంటే నా పోలికని కొట్లాడుకునేవాళ్ళం కూడా.

ఆ తరువాత చట్టాలు పెరిగాయి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఒక అరచెయ్యి పిర్రల కింద, ఇంకొకటి వీపు వెనక ఉండాలి. పైకి ఎగరెయ్యకూడదు. బిగించి హత్తుకోకూడదు. ఈ చివరిది మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి తను తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. గట్టిగా ఒక్కసారి గుండెకు అదుముకోవాలని ఒళ్ళంతా లాగుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, బుగ్గ ముందుకు పెడతాను. తను ముద్దు పెట్టి పోతుంది.

నాంపల్లిలో మేము కిరాయికి ఉండే ఇంటి నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండ్ పది నిమిషాల నడక. చలికాలంలో అక్కడి ఎగ్జిబిషన్‌కు వచ్చే తండ్రుల్లో సగం మంది మెడల మీద పిల్లలుంటారు. ఆ పిల్లల కాళ్ళను ఛాతీ మీద గట్టిగా పట్టుకుని జనంలో దారి చేసుకుంటూ పోతుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళుమంట. ఒకసారి ఒకాయనను ఆపి "జర చూస్కొని నడువున్రి, పిల్ల పడ్తది" అని కసిరాను. ఆయన పద్ధతిగానే నడుస్తున్నాడు. పిల్ల కూడా పీచుమిఠాయి తింటూ హాయిగానే ఉంది. నా మెడ ఖాళీగా ఉంది, అంతే.

మా సందు చివర ఒక బడి ఉంది. మధ్యాహ్నం చిన్న పిల్లల్ని ఇళ్ళకు పంపేటప్పుడు ఆయమ్మ వాళ్ళను వరసగా నిలబెట్టి, రోడ్డు మలుపు దాకా తీసుకొస్తుంది. ముందు నడిచే పిల్ల బ్యాగును వెనక పిల్ల పట్టుకోవాలి. మూడో ఏటి నుంచి మా అమ్మాయి బాల్కనీ చువ్వల మధ్య ముఖం పెట్టి ఆ వరసను చూసేది. తరువాత ఇంట్లో మా చేత ఆడించేది. ముందు నేను, నా చొక్కా అంచు పట్టుకుని తను, వెనక వాళ్ళమ్మ. వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి. పొయ్యి మీద పాలు పొంగినా సరే, వరస విడిపోకూడదు.

ఐదేళ్ళు నిండాక బడి వెతికాం. రెండు బడులు దవాఖాన కాగితాలు చూశాక సీట్లు లేవన్నాయి. మూడోది మా సందు చివరిదే. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "దసరా దాకా చూద్దాం సార్. మా టీచర్లతోని కాకపోతే మీరే ఇంట్ల చదివిపియ్యాలె" అంది. ఇంటికొచ్చి సీటు దొరికిందని చెబితే మా అమ్మాయి అడిగింది ఒకటే.

"నేను లైన్ల ఉంటనా?"

"ఉంటవ్" అన్నాను. మాట ఇచ్చేశాను.

బడి బూట్ల కోసం అబిడ్స్ పోయాం. షాపులో సేల్స్‌మన్ అలవాటు కొద్దీ మడమ పట్టుకుని పాదాన్ని బూటులోకి దూర్చబోయాడు. "చెయ్యి తియ్" అని నేను అరిచిన అరుపుకు షాపంతా ఇటు తిరిగింది. నా వయసు మనిషే, పాపం, బిత్తరపోయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మా అమ్మాయి బూటు పట్టీ తనే ఊడదీసి, పాదాన్ని మెల్లగా లోపలికి జార్చి, "గిట్ల తొడగాలె అంకుల్. రెండోది నువ్వు పట్టుకో, నేను పెడ్త" అంది. అతను బూటును రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. తను పాదం పెట్టింది. అక్కడే నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

మా ఆవిడ యూనిఫాం భుజాలు విప్పి టిచ్ బటన్లు కుట్టింది, చెయ్యి మెలి తిప్పకుండా తొడగడానికి. తన పని తను చేసింది. నేను గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాను. ఏ ఫైలు కదలాలన్నా మీద ఒక నోటు ఉండాలన్నది నా నరాల్లో ఉంది. టీచరుకు రెండు పేజీల నోటు రాశాను. ఎల్‌కేజీ పిల్లలు నోట్లు చదవరు కాబట్టి వాళ్ళకు కళ్ళకు కట్టేలా చూపించాలని, మొదటి రోజు పొద్దున్నే మా ఆవిడ చేత ఒక అప్పడం వేయించాను. వెడల్పాటి స్టీలు డబ్బాలో పెట్టుకుని బయల్దేరుతుంటే, "నువ్వేమన్న మ్యాజిక్ షోకు పోతున్నవా" అని అడిగింది. నా తెలివి ఆమెకు అర్థం కాలేదనుకున్నాను.

క్లాసులో ముప్ఫై మందికి పైగా పిల్లలు. మా అమ్మాయి ముందు బల్ల మీద కూర్చుని ఉంది. నేను డబ్బా తెరిచి, అప్పడం పైకెత్తి చూపించి, "మా పాప బొక్కలు, అంటే ఎముకలు, గిట్లుంటయి" అని చెప్పి, పటుక్కున విరిచాను. రెండోసారి ఇంకా చిన్న ముక్కలు చేశాను. "అందుకే ఎవ్వరు ముట్టుకోవద్దు. సరేనా?" పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని తలలూపారు. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పాఠం బాగా ఎక్కిందని నేను గర్వంగా ఆఫీసుకు పోయాను.

నిజంగానే ఎక్కింది. ఆ రోజు నుంచి మా అమ్మాయిని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె బల్ల మీద పక్కన కూర్చోలేదు. ఆమె రబ్బరు కింద పడితే తీసి చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి దూరం జరిగేవాళ్ళట. టీచరమ్మ తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించింది. మధ్యాహ్నం వరస పోయాక, ఖాళీ క్లాసులోంచి ఆయమ్మ ఆమెను విడిగా తీసుకొచ్చేది, రెండడుగుల దూరంలో నడుస్తూ. అడుగులు చిన్నవి కాబట్టి వెనకగా తెస్తున్నారని మా ఆవిడ అనుకునేది. అసలు సంగతి మాకు నెల తరువాతగానీ తెలియలేదు. రోజూ లైన్ ఎట్లుందని అడిగితే "మంచిగుంది" అనేది. అది లైన్‌ను చూసి చెప్పిన మాట అని, లైన్లో ఉండి చెప్పిన మాట కాదని నాకు తట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడబోయాం. తను నా వేలు పట్టుకుని, ప్రతి కుప్ప దగ్గరా ఆగి, బొమ్మలున్న పుస్తకాలన్నీ తిరగేసి, చివరికి రైలు బొమ్మల పుస్తకం ఒకటి కొనిపించుకుంది. ఇంటికొచ్చి పప్పన్నానికి కూర్చున్నాం. మా ఆవిడ కంచంలో అప్పడం వేసింది. తను దాన్ని వేలితో పక్కకు జరిపింది.

"డాడీ, అప్పడం ఇరిగితే మళ్ల అతుక్కుంటదా?"

"అతుక్కోదు బేటా."

"నాది అతుక్కుంటది కదా. కాలు అతుక్కుంది, చెయ్యి అతుక్కుంది, మళ్ల కాలు అతుక్కుంది. నువ్వు వాళ్లకు అబద్ధం చెప్పినవ్."

నా కంచంలోని అప్పడాన్ని నేనూ పక్కకు జరిపాను.

"నన్ను ఎవ్వరు ముట్టుకుంటలేరు. లైన్ల గూడ పెడ్తలేరు" అని తను చాలా మామూలుగా చెప్పి, పప్పు కలుపుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ నావైపు చూసింది. తిట్టినా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అరిచేవాణ్ణి. చెయ్యి కడుక్కోవడానికి లేచి బాల్కనీలోకి పోయి ఏడ్చాను. ఆ రోజు సందులో గుంతలన్నీ దాటి, బడి మెట్లెక్కి, ఆ అప్పడం ఎక్కడా చెక్కుచెదరలేదు. క్లాసులో అందరి ముందు నా చేతులతో నేనే విరిచాను.

మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి బడికి పోయాను. టీచరమ్మ గుమ్మంలోనే అడ్డుపడింది. "మళ్ల డబ్బా తెచ్చిన్రా సార్?"

"లేదు మేడమ్. నేను తప్పు చెప్పిన. ఇయ్యాల ఆమెనే చెప్తది, మీరు జర మౌకా ఇయ్యాలె."

"నాకు గూడ భయమే సార్. నా చేతుల్ల ఏమన్న అయితే?"

"మా చేతుల్లనే మూడుసార్లు అయింది మేడమ్" అన్నాను. అంతవరకు ఎవరితోనూ అనని మాట అది. లంగోటీ మార్చిన చేతులు నావే. టీచరమ్మ పక్కకు తప్పుకుంది.

మా అమ్మాయి నల్లబల్ల ముందు నిలబడింది. "నాది ఇరుగుతది. కని అతుక్కుంటది. గుంజొద్దు, నూకొద్దు. మీరు వేలు చాపున్రి, నేను పట్టుకుంట." అంతే ఆమె నోటు. రెండు జడల పిల్ల ఒకతి, మొదటి రోజు ఏడ్చిన పిల్లే, కళ్ళు గట్టిగా మూసుకుని వేలు చాపింది. మా అమ్మాయి పట్టుకుంది. ఏమీ కాలేదు. ఆ పిల్ల కళ్ళు తెరిచి, "ఇంకోపారి" అంది. తరువాత తోపులాట మొదలైతే టీచరమ్మ అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచింది. చివర్లో తన వేలు కూడా చాపింది.

వెంటనే వరసలో పెట్టలేదు. పక్కన కూర్చోవడం మొదట, బ్యాగు పట్టుకోవడం క్లాసులోనే అటూ ఇటూ నడిపించి నేర్పడం తరువాత. మధ్యలో ఒకసారి ఇంట్లో మంచం దిగుతూ చిటికెనవేలు విరిగి మూడు వారాలు బడి పోయింది. దసరా దగ్గరపడుతుంటే మాకిద్దరికీ అన్నం సయించలేదు. సెలవులకు ముందు వారం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "సెలవులైనంక కొత్త బుక్కులు కొనున్రి" అని మాత్రం చెప్పింది. సీటు నిలిచిందని బడి మెట్ల మీది నుంచే మా ఆవిడకు ఫోన్ చేశాను.

సెలవులకు ముందు ఆఖరి రోజు ఆఫీసులో పూటకు పర్మిషన్ అడిగి, మధ్యాహ్నం సందు మధ్యలో నిలబడ్డాను. గేటు తెరుచుకుంది. ముందు ఆయమ్మ, వెనక ఇద్దరు, ఆ తరువాత రెండు జడల పిల్ల, ఆమె బ్యాగు పట్టుకుని మా అమ్మాయి. ఆమె బ్యాగును వెనకనుంచి ఇంకో పిల్ల రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి, పట్టుకుని వస్తోంది. చిన్న చిన్న అడుగులు. వరసంతా ఆ అడుగుల వేగంతోనే నడుస్తోంది.

దగ్గరికి రాగానే అలవాటుగా కిందికి వంగి వేలు చాపాను. తను వేలు వైపు చూసి, నావైపు చూసి, బ్యాగు మాత్రం వదల్లేదు.

"ఆగు డాడీ. లైన్ అయిపోలే."

వరస నన్ను దాటిపోయింది. మెడ ఖాళీగా ఉందని ఇన్నేళ్ళూ కనబడిన తండ్రినల్లా తిట్టుకున్నాను. ఈ వేలు ఎప్పుడూ ఖాళీగా లేదని మాత్రం ఒక్కరోజూ తలుచుకోలేదు. దాన్ని అట్లాగే చాపి పెట్టుకుని, చివరి పిల్ల వెనకాల, మలుపు దాకా నడిచాను.