ఉప్పు వేసిన ఐసు

మా మేనత్త పోయింది. బిట్రగుంట స్టేషను పక్కన చేపల షెడ్డులో తట్ట ఎత్తబోతూ కూలిపోయింది. వచ్చినవాళ్ళంతా నా చెయ్యి పట్టుకుని "రాత" అంటున్నారు. నేను ఒప్పుకోను.

అల్లూరు వైపు నుంచి వచ్చే చేపల్ని మద్రాసు రైలుకు సర్దడం ఆమె పని. ఐసు కొట్టి, పొరకో గుప్పెడు ఉప్పు చల్లేది. ఉప్పు పడితే ఐసు చలి ఇంకా బిగుస్తుంది. "ఉప్పు పడని ఐసును నమ్మబాకండి" అని పనివాళ్ళందరికీ నేర్పింది. నేను ఊరూరా ఉపన్యాసాలిచ్చి వస్తే, చేపల మధ్య కూర్చునే, "లోకాన్ని మార్చినావా అబ్బయ్యా? ముందా చొక్కా మార్చు, కంపు" అనేది. నన్ను చదివించింది ఆ తట్టలే.

మొన్న రొమ్ము పట్టేసి, చెమటలు పోసి కూర్చుండిపోయింది. నెల్లూరు తీసుకుపోయినాం. డాక్టరు గుండె గీతల కాగితం చూసి, ఇందులో ఏమీ లేదు, గ్యాసు అన్నాడు. గీతలు మామూలుగా ఉండి కూడా పోయినవాళ్ళు లేరా అని పట్టుబట్టాను. అప్పుడు ఒప్పుకున్నాడు. గుండె కండ దెబ్బతింటే అందులోని పదార్థమేదో రక్తంలోకి దిగుతుందట. అది కనిపెట్టే రక్తపరీక్ష ఇక్కడ లేదు, మద్రాసులో ఉంది. తేలితే కదలకుండా పడుకోబెడతాను, తేలేదాకా మంచం ఇవ్వలేను, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. రక్తం తీసి సీసాలో పోసి, "చల్లగా పట్టుకుపోండి" అన్నాడు. ఎంత చల్లగానో చెప్పలేదు.

సీసాతో రైలెక్కింది ఆమె కొడుకు, మా బావ. అమ్మ నేర్పినట్టే ఐసు కొట్టి, ఉప్పు చల్లి, మధ్యలో సీసా పెట్టినాడు. మద్రాసులో విప్పేసరికి రక్తం రాయిలా బిగుసుకుపోయి ఉంది. కరిగిస్తే ఎర్రనీళ్ళు. కణాలు పగిలిపోయినాయి, పనికిరాదు, మళ్ళీ తెండి అన్నారట.

మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం? బావ ఇంకా మద్రాసులో ఉండగానే, ఆ పొద్దున అత్త షెడ్డుకు బయల్దేరింది. గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. "గ్యాసేగా అన్నాడు ఆయన. గ్యాసని నేను కూర్చుంటే చేపలు కూర్చుంటాయా?" అని నన్ను పక్కకు నెట్టి పోయింది.

బావ ఇప్పుడు "నేనే చంపినాను" అంటున్నాడు. లేదు బావా. చేపకు మద్రాసు దాకా చలి అందించగల జిల్లాలో, మనిషి రక్తం చూసే గది ఒక్కటి లేకపోవడం నీ తప్పా? ఆ గది నెల్లూరులో ఉంటే సీసాకు ఐసెందుకు, రైలెందుకు? ఈ మాట ప్రతి సభలోనూ అడుగుతాను. అడిగి ఏం లాభం? ఇంత అరిచే గొంతు ఒక్క పూట ఆమెను మంచం మీద ఆపలేకపోయింది.

అత్త కూతురు దూరం నుంచి వచ్చేదాకా సమాధి చెయ్యకుండా ఆపినాం. షెడ్డువాళ్ళే ఐసు తెచ్చి ఆమె చుట్టూ పేర్చినారు. కొడుకు చల్లాలని బావ చేతిలో గుప్పెడు ఉప్పు పెట్టినారు. ఐసు ముక్కల మధ్యకు చెయ్యి చాచినాడు. గుప్పిట విప్పలేకపోయినాడు. ఐసు కరుగుతా ఉంది, బిగించిన వేళ్ళ సందుల్లోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి.