కప్పల్ అన్న మాట

మా పెద్దమ్మ ఇంట్లో విమానాన్ని విమానం అనే అనాలి. మలయ్ వాళ్ల మాదిరి ‘కపల్ తెర్బాంగ్’ అన్నా, అరవ పిల్లల్ని చూసి ఉత్త ‘కప్పల్’ అన్నా చిన్నప్పుడు మాకు మొట్టికాయ పడేది. మిగతా మాటల్లో ఆవిడకంత పట్టింపు లేదు. మురుగు కాలవని తనే లాంగ్‌కాంగ్ అనేది, సంతని పాసర్ అనేది. ఆ ఒక్క మాట దగ్గరే ఎందుకో పట్టు విడిచేది కాదు. అది భాషాభిమానమని నేను చాలా ఏళ్లు నమ్మాను.

నేను ఆరో తరగతితో బడి మానేసి రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా లైబ్రరీలోనే. తెలుగు అక్షరాలు కూడా అక్కడే, చిరిగిన వాచకం ఒకటి ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఇది గొప్పకే చెబుతున్నాను. రిటైరయ్యాక యుద్ధం పుస్తకాల మీద పడ్డాను. పసిఫిక్‌లో విమానాలు ఏ పొద్దున ఎక్కణ్ణుంచి లేచాయి, మబ్బుల్లో దారెలా వెతుక్కున్నాయి, బాంబులెక్కడ వదిలాయి అని పైలట్లు రాసుకున్నవి చదివాను. ఒక రోజంతా నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. చివర్న అందరూ క్షేమంగా దిగారని ఉంటుంది.

ఈ సంగతులు చెప్పాలని ఒక ఆదివారం పొద్దున్నే బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి కమ్యూటర్ రైల్లో క్లాంగ్ వెళ్లాను. పెద్దమ్మకి తొంభై దాటాయి. వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. వాళ్లమ్మ, అంటే మా అమ్మమ్మ, యుద్ధకాలంలో రబ్బరు ఎస్టేట్‌లో బాంబు పడి చనిపోయిందని మా అందరికీ తెలుసు. అంతకు మించి పెద్దమ్మ ఎన్నడూ చెప్పలేదు.

“వచ్చినావా పండితుడా? ఈ మాటు ఏటి సదివినావు లా?” మాట చివర ఆ ‘లా’ మలయ్ వాళ్ల నుంచి అంటుకున్నదే.

“ఇమానాల గురించి, పెద్దమ్మా. బాంబుని నెత్తి మీదికొచ్చినాక వదలరంట. దూరంగా ఉన్నప్పుడే వదిలేస్తారు. అదలగ ముందుకు జారి పడతాది.”

ఆవిడ చేతులు ఆగిపోయాయి. “మళ్లీ సెప్పు.”

మళ్లీ చెప్పాను.

“అంటే నాను సూసినప్పటికే వదిలేసినారా?”

అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. ఆ రోజుకి పెద్దమ్మకి ఏడేళ్లు. ఏడాది నిండని మా అమ్మని చంకనేసుకుని కూలీల లైను ఇళ్ల వెనక నిలబడింది. అమ్మమ్మ లోపల పొయ్యి దగ్గరుంది. తెలుగు వాళ్ల లైను దాటి ఎరగని మనిషి, ఆవిడకి వేరే భాష రాదు.

“‘అమ్మా, కప్పల్! కప్పల్!’ అని అరిసినానురా. ఇమానం అన్న మాట నాకప్పుడు తెల్దు. అమ్మకి కప్పలని ఇనిపించినాది. వానలు గదా, లాంగ్‌కాంగ్ నిండా కప్పలే. ‘కప్పలకి బెదురేటే, పిరికి గుంటా!’ అని నవ్వినాది. నాను పిల్లతోటి కాలవలోకి దూకేసినాను.” ఆపైన అంది: “మాట సరిగ్గా అరిసుంటే అమ్మ బయటికొచ్చీది.”

చిన్నప్పటి మొట్టికాయలు గుర్తొచ్చాయి. తర్వాత చదివిందంతా కూడదీసుకున్నాను.

“నువ్వు సూసీసరికే వదిలేసుంటారు పెద్దమ్మా. ఏ మాట అరిసినా...”

“మరి నాను దూకినాను గదరా. నాకు టైమున్నాది గదా?”

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“తెల్దు పెద్దమ్మా. బయటికొచ్చీదేమో, రాకపోయీదేమో. నాకు తెలిసిందొకటే. నువ్వు దూకకపోతే మాయమ్మ లేదు. నాను లేను.”

పెద్దమ్మ మళ్లీ మునగరెమ్మ అందుకుంది. తర్వాత, “నువ్వు లేకపోతే ఈ పండితం నాకెవుడు సెప్పును లా,” అంది. మళ్లీ తనే, “నవ్వినాదిరా. నాకదే ఇనిపిస్తాది,” అంది.

“అయితే బెదరకుండానే ఎల్లిపోయినాది.”

“ఊఁ. బెదరలేదు.”

సుబాంగ్ విమానాశ్రయం వైపు నుంచి ఒక విమానం ఇంటి మీదుగా వెళ్లింది. పెద్దమ్మ తలెత్తి, అది కనుమరుగయ్యేదాకా చూసింది.

“కప్పల్ పోతంది,” అంది.

నేను దిద్దలేదు. నా చేతికో మునగరెమ్మ ఇచ్చింది. కూర్చుని దూశాను.