ప్రార్థనలో నా పేరు

మా ఆయన జెఫ్రీ గురించి సీతాఫల్‌మండిలో ఎవరినడిగినా చేతులెత్తి మొక్కుతారు. మొక్కరా మరి, వాళ్లేమన్నా ఆయనతో కాపురం చేశారా?

రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా ఉన్నప్పుడు, జామపండ్లని రాసి ఉన్న బుట్టలోంచి కిచకిచలు వినబడి విప్పితే అరవై రామచిలుకలు, సగం చచ్చి. ఆ రోజు మొదలైంది ఈ పిచ్చి. ముప్పై ఏళ్లయింది. గాలిపటాల మాంజా చుట్టుకున్న గద్దలు, బండి కింద పడ్డ కుక్కలు, కాప్రా చెరువులో వలకు చిక్కిన తాబేళ్లు, అన్నీ మా రెండు గదుల ఇంటికే. పెళ్లిరోజని నన్ను కార్ఖానా బస్తీలో హోటలుకు తీసుకెళ్తూ, దారిలో దెబ్బతిన్న ముంగిసను చూసి ఆటో దిగిపోయిన మనిషి. నేనొక్కదాన్నే ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను.

అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది సాయంత్రం ప్రార్థన. మోకరించి కళ్లు మూసుకుని, "ప్రభువా, మహారాణి రెక్క అతుకనియ్యి. ముత్యానికి జెర అన్నం సయించనియ్యి" అని పేరుపేరునా వేడుకుంటాడు. మహారాణి గద్ద, ముత్యం కుక్క. నేను మాత్రం "మా ఇంటోళ్లందర్ని" అన్నదాంట్లో కలిసిపోతాను. సవతి మనిషైతే జుట్టు పట్టుకోవచ్చు. గద్దనేం పట్టుకుంటాను? కుళ్లుకుని చచ్చాను.

పోయిన నెల అడిగేశాను. "ముప్పై ఏండ్లసంది వండిపెడుతున్న. ఒక్కనాడన్న దేవకృప అని నా పేరు తీసిన్రా?"

ఆయన గద్దకు కోడిమాంసం కోస్తూ తలెత్తలేదు. "బతుకుతయో లేదో అని భయమున్నవాటికే పేర్లు తీస్త, కృపా. నీకేమైంది? గుండ్రాయి లెక్క ఉన్నవ్."

గుండ్రాయట. రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత నాకు కడుపునొప్పి వస్తే స్కానింగు చేసి, కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నిన్న రిపోర్టు తేవడానికి ఆయనొక్కడే వెళ్లాడు. వచ్చి, "ఏం లేదు, మందులు రాసిన్రు" అన్నాడు. నమ్మాను. మహారాణికి తిండి కూడా పెట్టకుండా చాప పరిచాడు. ఇద్దరం మోకరించాం.

"ప్రభువా," అన్నాడు. తర్వాత, "దేవకృపను..." అన్నాడు.

ముప్పై ఏళ్లు ఆ మాట కోసమే ఏడ్చాను. ఇప్పుడు విన్నాను. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నా పేరొద్దు," అన్నాను. "మహారాణిది చెప్పుండ్రి."