గాజు పలక మీంచి గీకేసిన మనిషి

ఆ రోజు నేను ఒక అబద్ధం చెప్పాను. అంతకు ముందు చేసిన పాడుపని కన్నా ఆ అబద్ధమే పెద్ద తప్పని ఇప్పటికీ అనిపిస్తుంది. పని తొందరలో చేశాను. అబద్ధం మాత్రం తీరిగ్గా ఆలోచించుకుని చెప్పాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. ప్రొద్దుటూరు బజారులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. మూడు కాళ్ళ మీద చెక్క కెమెరా, వెనక నల్లగుడ్డ తెర, పక్కన చీకటి గది. మేం ఎక్కువగా గాజు పలకలే వాడేవాళ్ళం. ప్లేటు అనేవాళ్ళం దాన్ని. ప్లేటు మీద పడేది నెగటివ్, అంటే తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా కనిపించే బొమ్మ. దాన్నుంచి కాగితం మీద ఎన్ని ప్రింట్లయినా తీయొచ్చు. ప్లేటు పోతే ఇక ఏమీ లేదు. ఆ ప్లేటు మీద సన్నటి పెన్సిలుతో, చిన్న కత్తితో చేసే దిద్దుబాటుకు రీటచింగ్ అని పేరు. అమ్మవారు పోసిన మచ్చలు మాయం చేయడంలో, మెల్లకన్ను సరిచేయడంలో నన్ను మించినవాడు లేడని ఊళ్ళో పేరు. ఆ పేరుకు నేనూ పొంగిపోయేవాణ్ణి.

ఒకరోజు జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి వెంకటయ్య అనే రైతు వచ్చాడు. అతని తమ్ముడు ఓబులేసు బావి తవ్వుతుంటే మట్టిపెళ్ళ విరిగి పడి చనిపోయాడు. "దినాలకు పటం పెట్టాలప్పా. పోయినేడు నీ తాననే తీయించుకున్న్యాడంట" అన్నాడు.

ప్లేటు వెతికి తీశాను. చూడగానే ఆ జంట గుర్తొచ్చింది. శనక్కాయలు అమ్ముకుని వచ్చారు ఇద్దరూ. ఓబులేసు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నిలబడిన భార్య చెన్నమ్మ కెమెరాను చూసి బిగుసుకుపోయింది. "పెట్టె ఏమన్నా కరుస్తాదా? నా భుజం మీద చెయ్యెయ్యే, భయం పోతాది" అన్నాడతను. మొగుడి భుజం మీద చెయ్యేసి ఫోటోకు నిలబడిన ఆడమనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆమె వేసింది. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు ఆగలేదు. ఆ నవ్వే ప్లేటు మీద పడింది.

"పెద్దది చెయ్యి. వాడొక్కడే ఉండాల. ఆయమ్మను తీసెయ్" అన్నాడు వెంకటయ్య.

"ఇద్దరూ బాగుండారు కదా మామా?"

"బొట్టూ పూలూ పెట్టుకోని ఎట్ల నిలబడిందో సూడు. మొగుణ్ణి మింగినదాని మొగం పొద్దున్నే లేసి గోడ మీద సూడాల్నా మేము?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండలేదు. అది చెప్పుకోవడానికే ఈ కథ రాస్తున్నాను. నాకు తట్టిందల్లా, ఈ మనిషిని ఎట్లా తీసేయాలా అన్న పనివాడి లెక్క ఒక్కటే. పద్ధతి ప్రకారమైతే ముందు ఒక ప్రింటు తీసి, దానిమీద రంగు పూసి, ఆ ప్రింటును మళ్ళీ ఫోటో తీయాలి. దాన్ని కాపీ నెగటివ్ అంటారు. అసలు ప్లేటు చెక్కుచెదరదు. కానీ దానికి ఇంకో రోజు పడుతుంది. వెంకటయ్య సాయంత్రం బస్సుకే వెళ్ళాలన్నాడు. కత్తి తీసుకుని అసలు ప్లేటునే గీకాను. గీకిన చోట గాజు తేలిపోయి, ప్రింటులో నల్లగా పడి, వెనక తెరలో కలిసిపోతుంది. ముఖం పోయింది, నవ్వు పోయింది, చీర పోయింది. భుజం మీది వేళ్ళు మాత్రం గీకడానికి వీల్లేకపోయింది. గీకితే అతని భుజం కూడా పోతుంది. పెన్సిలుతో ఆ వేళ్ళను కండువా మడతల్లాగా దిద్దాను.

"ఆయమ్మ ఆడ ఉండెనా అన్నట్టుందే!" అని వెంకటయ్య మెచ్చుకున్నాడు. నేను సంతోషపడ్డాను.

రెండు నెలల తర్వాత చెన్నమ్మ వచ్చింది. బొట్టు లేదు, గాజులు లేవు. స్టూడియోలో పెళ్ళివాళ్ళున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఆమెను చూసి ముఖం చిట్లించింది. నేను చెన్నమ్మను పక్క సందులో కూర్చోమన్నాను. మధ్యాహ్నం దాకా ఆ ఎండలోనే కూర్చుంది. ఆ ప్లేటు అడిగితే ఏం చెప్పాలో నేను లోపల తీరిగ్గా అల్లుకుంటూ ఉన్నాను.

"అన్నా, మా ఇద్దరి పటం ఇంకొకటి తీసియ్యన్నా. ఇంట్లో ఉండేదాన్ని మా బావ పొయ్యిలో ఏసినాడు. నా మొగం కాల్చల్లని ఆయప్ప మొగం గూడా కాల్చె."

"పెద్ద పటం ఉంది కదమ్మా ఇంట్లో?"

"ఆ ఇంట్లోకి నన్ను రానిస్తే గదా. గొడ్ల కొట్టంలో ఉండా. సంగటి ఆడికే తెచ్చి పెట్టి పోతారు. పెట్టేటప్పుడు గూడా నోరు తెరిసి మాట్లాడరు. పటముంటే ఆయప్పతోనన్నా మాట్లాడుకుందునని వస్తి."

అప్పుడు చెప్పాను అబద్ధం. "ఆ ప్లేటు పగిలిపోయిందమ్మా."

"పెంకులన్నా ఇయ్యన్నా. అతికించుకుంటా."

పెంకులు ఎక్కడినుంచి తేను? లోపలికి వెళ్ళి ప్లేటు తెచ్చి వాకిట్లో వెలుతురుకు పట్టి చూపించాను. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుందని చెప్పాను. ఆమె కండ్లు చిన్నవి చేసుకుని చూసింది. మొగుణ్ణి గుర్తుపట్టింది.

"నేను యాడుండా?"

తేలిపోయిన గాజు మీది కత్తి గీతలు ఆమె కంటపడ్డాయి.

"గీకినావా?"

"మీ బావ..."

"కత్తి మా బావ చేతిలో లేదు గదన్నా."

ఆ తర్వాత ఆమె వేలు ప్లేటు మీద ఒకచోట ఆగింది. "ఇది నా చెయ్యే గదా?"

"అవునమ్మా. అది పోలేదు. పెద్ద పటంలో కూడా ఉంది. కండువాలాగా దిద్దాను."

ఆమె ఉన్నట్టుండి నవ్వింది. "అయితే మా బావోళ్ళు దండేసి మొక్కుతాండేది నా చేతిక్కూడానా!" నవ్వుతూనే అరుగు మీద కూలబడి ఏడ్చింది. పెళ్ళాం పోయాక, ఓబులేసు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని పాత జంట ఫోటో పెద్దది చేయించుకున్న మగవాళ్ళు ఎందరో ఉన్నారు. పెళ్ళాన్ని మింగినవాడి ముఖం తీసేయమని ఒక్క చుట్టమూ నన్ను అడగలేదు. వాళ్ళలో కొందరు రెండో పెళ్ళాన్ని కూడా నా దగ్గరికే ఫోటోకు తీసుకొచ్చారు. మంచి వెలుతురు చూసి, ఆ ఫోటోలూ అందంగా తీసిపెట్టాను. చెన్నమ్మను మాత్రం మొదట కత్తితో తీసేశాను, తర్వాత సందులోకి తోశాను, ఆపైన బొంకాను. వెంకటయ్యను తిట్టడానికి నాకు నోరెక్కడిది? అయినా కోపం ఆగలేదు. వారం తిరక్కుండా కెమెరా మూట కట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

వెంకటయ్య అరుగు మీదున్నాడు. తప్పు చేశానని చెప్పడానికి వచ్చానన్నాను. "ఆ పటంలో మీ తమ్ముని భుజం మీద ఉండేది కండువా కాదు మామా. మీ మరదలి చెయ్యి."

అతను లోపలికి వెళ్ళి చూసి వచ్చాడు. "అయితే ఆ చెయ్యి గూడా తీసెయ్."

"తీయను."

"దుడ్లిస్తాంలేప్పా!"

"అది పోవాలంటే మీ తమ్ముని భుజం పోవాల. పోనీమంటావా?"

"ఫోటోలు తీసుకునేటోనివి, మా ఇంటి సంగతి నీకేంది? పో పో!" అని అరిచాడు. వెళ్ళాను, నేరుగా గొడ్ల కొట్టానికే.

కొట్టం గోడకు నల్లగుడ్డ కట్టాను. చెన్నమ్మను గుంజ పక్కన నిలబెట్టి, ఓబులేసు భుజం ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తున గుంజ మీద చెయ్యి వేయమన్నాను. కొత్త ప్లేటునూ పాత ప్లేటునూ ఒకే కాగితం మీద, ఒకరు పడేటప్పుడు రెండోవారి చోటు కప్పిపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ప్రింటు చేస్తే ఇద్దరూ ఒక్కచోట పడతారని చెప్పాను. "రీటచింగులో బొట్టు దిద్దుతా, పూలు పెడతా. మునుపటి మాదిరే ఉంటావు" అన్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను.

"మల్లా దిద్దుతావా నన్ను?" అంది. "ఎట్లుండానో అట్లే తియ్యి. ఆయప్పేమన్నా నన్ను గుర్తుపట్టడా?"

అట్లాగే తీశాను. పాత ప్లేటు మీది పెన్సిలు గీతలు తుడిచేస్తే వేళ్ళు మళ్ళీ బయటపడ్డాయి. అతుకు కుదరడానికి శానా కాగితాలు పాడయ్యాయి. చివరికి కుదిరిన ప్రింటులో వేళ్ళు అప్పటివి, చెయ్యి ఇప్పటిది. అతను నవ్వుతున్నాడు, ఆమె నవ్వడం లేదు. నా చేతిమీదుగా వచ్చిన పనుల్లో నేను ఏమీ దిద్దని పటం అదొక్కటే.

ఆ తర్వాత అసలు ప్లేటును ఎన్నడూ గీకలేదు. ఎవరినైనా పటంలోంచి తీసేయమని అడిగితే, "ఆ మనిషిని పిలుచుకురా, తీసేయమని తనే చెప్పాల" అనేవాణ్ణి. ఒక్కరూ పిలుచుకురాలేదు. కొందరు తిట్టుకుంటూ వేరే స్టూడియోకు పోయారు. పోనిచ్చాను.

పటాన్ని వెంకటయ్య ఇంట్లో ఉన్నదానంత పెద్దది చేసి, చట్రం కట్టించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. చెన్నమ్మ కొట్టంలో తలుపుకు ఎదురుగా ఉండే గోడ చూపించింది. వెంకటయ్య పొద్దునా సాయంత్రం గొడ్లను నీళ్ళకు తోలుకుపోయే దారి ఆ తలుపు ముందే.

"ఇంత ఎదురుగా వద్దేమోనమ్మా" అన్నాను. నా బెదురు నాకు ఇంకా పోలేదు.

"తలుపు గూడా మూయనన్నా" అని రాయి తీసుకుని మేకు కొట్టసాగింది. ఆమె చాలనేదాకా నేను పటం పట్టుకుని నిలబడ్డాను.